పెరటి పాదునకు వంటింటి లెక్క



పెరటిలో కూరగాయలు పెంచుటను గూర్చి మాటలాడువారు తఱచుగా నేలతో ప్రారంభింతురు. నేల యెట్టిది, ఎఱువెంత, గొప్పు ఎన్నిమాఱులు త్రవ్వవలెను అని వరుసగా చెప్పుదురు. నేలను గూర్చి మీకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు; నాకంటె మీరే యెక్కువ ఎఱుగుదురు. నేను నేడు పొయ్యిదగ్గఱ ప్రారంభించి అక్కడనుండి పెరటిలోనికి నడచెదను. ఏలయన, నేను చూచినంతవఱకు పెరటితోటలు నేల చెడుటవలన చెడుట తక్కువ. పెరటి లెక్క యొకటి, వంటింటి లెక్క మఱియొకటి యగుటచేతనే అవి యెక్కువగా పాడగుచున్నవి.

ఇది నా యింటనే జరిగినది. ఉద్యోగము విరమించి ఊరు చేరిన మొదటి యేట, దొడ్డివైపున రెండు సెంట్ల స్థలము, అనగా సుమారు 80 చదరపు మీటర్లు, బాగుచేయించితిని. తోటకూర విత్తు కొనితెచ్చి, ఉన్న విత్తంతయు ఒక్క ఉదయమున చల్లివేసితిని. వానలు సరిగా పడినవి. ఇరువదియెనిమిదవ నాటికి కూర జానెడు దాటి యెదిగి, చూచినవారెల్ల మెచ్చుకొనిరి. మొదటినాడు పప్పులో వేసిరి, రెండవనాడు వేపుడు, మూడవనాడు పులుసు. నాలుగవనాడు నా భార్య చట్టి దింపి, “పశువునకైనను దినదినము ఒకే గడ్డి వేయము గదండీ!” అన్నది. ఇరుగుపొరుగులకు పంచిపెట్టబోతిమి. వారి పెరళ్లలోను అదే తోటకూర. పదిదినములలో కాడ ముదిరి వెన్ను తీసినది. మిగిలినదంతయు పెఱికి గేదెకు వేసి, ఆ తరువాత ఇరువది దినములు సంతలో కూర కొనితిమి.

విత్తుటలో తప్పు లేదు, నీరు పెట్టుటలో తప్పు లేదు. ఇంటిలో అయిదుగురము భోజనము చేయుదుము. నలుబదిమందికి సరిపోవు కూర ఒక్క వారములో పండించితిని, తక్కిన మూడు వారములకు ఏమియు పండింపనైతిని. అంతియే.

ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతి యని నేనును మొదట తలచితిని. కాని విస్తరి వైపు చూచినపుడు నవ్వు రాదు. పెద్దవారికి దినమునకు కూరలును పండ్లును కలిపి కనీసము 400 గ్రాములుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. బంగాళాదుంప, కంద మొదలగు దుంపలు ఈ లెక్కలో చేరవు. అయిదుగురు పెద్దలున్న యింటికి దినమునకు రెండు కిలోలన్నమాట. మన పల్లెలలో ఎన్ని యిండ్లలో ఇది జరుగుచున్నది? అన్నము రాశిగా నుండును, కూర అంచున గోరంత యుండును. ఆ గోరంతయు వడ్డించునపుడు మగవారికిని పిల్లలకును పోయి, కడపట కూర్చుండు కోడలికి పులుసునీరు మిగులును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మంది, తెలంగాణమున నూటికి 57.6 మంది. ఆఱు నెలలు నిండి అయిదేండ్లు నిండని పసివారిలో దేశమంతటను నూటికి 67 మంది. ఈ లెక్కలో నున్నవారు ఎక్కడివారో కారు. మన కోడండ్రు, మన కూతుండ్రు, మన మనుమలు.

సంతను నమ్ముకొందమన్న, సంత మన చేతిలో లేదు. 2023 జూలైలో టొమాటో ధర అనేక పట్టణములలో కిలో 100 రూపాయలు దాటినది మీకు జ్ఞాపకముండును. ధర పెరిగినపుడు కూలియింటి వంటలో మొదట తగ్గునది కూరయే. అందుచేత పెరటి కూర ముచ్చటకొఱకు గాక, ప్రతిదినము కొలుచుకొని తినుటకొఱకు పెంచవలసియున్నది.

ఇక లెక్కకు వచ్చెదను. తోటకూర చల్లిన 25 మొదలు 30 దినములలో లేతగా పెఱుకుటకు వచ్చును. నెలకు నాలుగు వారములు. కావున ఒక పెద్ద మడికి బదులు నాలుగు చిన్న మడులు కావలెను. వెడల్పు రెండు మూరలు మించకూడదు. ఇరుప్రక్కల గట్టుమీద కూర్చుండి చేయి చాపినచో నడుమకందవలెను, మడిలో కాలుపెట్ట నక్కఱలేకుండవలెను. మొదటి వారము మొదటి మడి చల్లుడు, రెండవ వారము రెండవది. నాలుగవ మడి చల్లిన మఱువారమునకు మొదటి మడి చేతికి వచ్చును. అది పెఱికిన తరువాత ఒక గంప మాగిన పశువులయెఱువు వేసి, మన్ను తిరుగవేసి, రెండు మూడు ఎండలు తగులనిచ్చి మరల చల్లుడు. మా యూరి సంత మంగళవారము జరుగును. అందుచే సంతకు సంచి పట్టుకొనకముందు ఒక మడి చల్లుట నేను వాడుక చేసికొంటిని. మఱచిపోదమన్నను సంత మఱవనీయదు.

తోటకూర విత్తు మిక్కిలి సన్నము. చిటికెడు విత్తునకు గుప్పెడు పొడి యిసుక కలిపి చల్లినచో ఒకచోట గుంపుగా పడదు. చల్లిన వెంటనే చీమలు వచ్చి మోసికొనిపోవును. మడి చుట్టును గట్టుమీద బూడిద గీతవలె పోయుడు. మడిలో మాత్రము బూడిద కుప్పలుగా పోయవలదు. మొదటి తడి చెంబుతో కుమ్మరించిన విత్తంతయు ఒక మూలకు కొట్టుకొనిపోవును. చిల్లుల డబ్బాతో గాని, వేపమండ నీటిలో ముంచి చిలుకరించి గాని తడుపవలెను.

నాలుగు మడులలోను ఎప్పుడును తోటకూరయే యుండ నక్కఱలేదు. వానకాలమున రెండింట తోటకూర, ఒకదానిలో చుక్కకూర, ఒకదానిలో గోంగూర వేయవచ్చును. గోంగూరను పెఱుకక చిగుళ్లు మాత్రము గిల్లుచుండిన అదే మొక్క నెలల తరబడి ఇచ్చును. చలికాలమున మెంతికూర, పాలకూర, కొత్తిమీర బాగుగా వచ్చును. ఎండలు ముదిరిన తరువాత మెంతి చల్లుట శ్రమకు కోర్చుటయే. బచ్చలికి మడి దండుగ. రెండు కాడలు తెచ్చి కంచెవెంట నాటి, స్నానపు నీరు పోవుదారిలో తేమ తగులనిచ్చిన, అదియే ప్రాకును.

ఇంటికొక మునగచెట్టు అవసరము. వానకాలమున గొంగళిపురుగులు పట్టునని భయపడి చాలమంది కొట్టివేయుదురు. పురుగులు పగటివేళ మొదలుమీద గుంపుగా చేరును. అప్పుడు కాగడాతో కాల్చివేయుట మన పూర్వులెఱిగిన పనియే. చెట్టును పొడవు పోనీయక, కాపు దిగిన తరువాత నిలువెత్తున నఱికివేయుచుండిన, ఆకు చేతికందును. ఆషాఢమున మునగాకు తినవలెనని పెద్దలు పెట్టిన ఆచారమెంత మంచిదైనను, తక్కిన పదునొకండు మాసములు మునగాకును మఱచిపోవుట మంచిది కాదు. రేచీకటిని తప్పించు పోషకము ఆ ఆకులో మెండుగా నున్నది. ఖర్చు లేదు, సేవ లేదు.

ఇప్పుడు పందిరి క్రిందికి పోవుదము. తీగపాదులవిషయమై నాకు తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఇది: “తీగ పందిరినిండ ప్రాకినది, పూలు రాశులుగా పూయుచున్నవి, పిందె నిలువదు.” దీనికి కారణములు రెండు మూడు కలవు. సొర, బీర, పొట్ల, గుమ్మడి తీగలకు మగపువ్వులు వేఱు, ఆడుపువ్వులు వేఱు. ఆడుపువ్వు క్రింద చిట్టి పిందె యుండును. మగపువ్వునకు కాడ మాత్రమే యుండును. మొదటి కొన్ని దినములు తీగకు మగపువ్వులే వచ్చును. అది గొడ్డుతీగ యని తొందరపడి పెఱికివేయకుడు. ఆ తరువాత ఆడుపువ్వులు వచ్చియు పిందెలు పసుపుబాఱి రాలుచున్నచో, పుప్పొడి అందలేదని తెలిసికొనవలెను. గుమ్మడి తెల్లవాఱుజామున విచ్చును. దానికి తేనెటీగలు వచ్చును. సొర, బీర సాయంకాలమున విచ్చును. పొట్లపువ్వు రాత్రివేళ విచ్చును. ఇట్టివానికి చీకటిపడు వేళ తిరుగాడు చిలుకపురుగుల వంటివి రావలెను. చుట్టుపట్ల మందులు విశేషముగా కొట్టుచున్నచో అవి కఱవైపోవును. అప్పుడు మన చేయియే తేనెటీగ కావలెను. మగపువ్వొకటి కోసి, రేకులు త్రుంచి, లోపలి పుప్పొడిని ఆడుపువ్వు నడిబొడ్డున మెల్లగా రాయవలెను. గుమ్మడికైన ప్రొద్దు పొడిచిన వెంటనే, సొరకైన దీపము పెట్టువేళ. ఈ పని మనుమలకు అప్పగించిన వారు ఆటలు మాని చేయుదురు. మా యింట ఇందుకొఱకు పోట్లాట కూడ జరిగినది.

రెండవ కారణము పండుఈగ. పిందెకు సన్నని చిల్లు పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. పిందె వంకరపోయి, క్రుళ్లి, రాలును. రాలినదానిని పాదులోనే వదలినచో లోని పురుగు మట్టిలో దిగి మరల ఈగయై లేచును. దినదినము ఏరి లోతుగా పాతిపెట్టుటయో, కాల్చుటయో చేయవలెను. ఎఱువుగుంటలో పైపైన పడవేయరాదు. ఈ యొక్క పని మానక చేసిన సగము కాపు దక్కును.

పందిరిచిక్కుడు సంగతి వేఱు. నాటు చిక్కుడు ప్రొద్దు చిన్నదైనగాని పూయదు. జ్యేష్ఠమున పెట్టినను, శ్రావణమున పెట్టినను, పగలు తగ్గి రాత్రి పెరుగు చలికాలముననే పూతకు వచ్చును. సంక్రాంతికి చిక్కుడుకాయ సమృద్ధిగా నుండుటకు ఇదియే కారణము. వేసవిలో చిక్కుడు తీగకు ఎంత యెఱువు వేసినను ఆకు పెరుగునేగాని కాయ రాదు. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు తయారుచేసిన అర్క జయ్, అర్క విజయ్ అను పొట్టిరకములకు ఈ నియమము లేదు. అవి ఏ కాలముననైనను పూయును, పందిరియు నక్కఱలేదు. రుచికి మాత్రము పందిరిచిక్కుడే గొప్పదని నా పక్షపాతము.

కాయను ఏనాడు కోయవలెనో నిర్ణయించునది వంటయిల్లే. బెండ కొన విఱిచిన టక్కున విఱుగవలెను. వంగినదా, పీచు పట్టినది. దినము విడిచి దినము కోయకున్న ముదిరిన కాయలు విత్తు కట్టి, ఆ చెట్టు క్రొత్తపూత తగ్గించును. బీరకాయ గోటితో గీచిన నీరు చిమ్మవలెను. సొరకాయ తొడిమ దగ్గఱ గోరు సులువుగా దిగవలెను. వంకాయ నిగనిగలాడుచుండగనే కోయవలెను. మెఱుపు తగ్గిన తరువాత లోపల గింజ గట్టిపడును. పెద్దకాయ యైనచో తూకము వచ్చునని ఆగుట అమ్ముకొనువాని లెక్క.

వంగతోటలో ఒక పని మఱువకుడు. లేతచిగురు పట్టపగలు తలవాల్చియున్న, నీరు తక్కువయైనదని తలపకుడు. లోపల తొలుచుపురుగు చేరినది. వాలినచోటికి రెండంగుళములు క్రిందుగా గిల్లి నలిపివేయవలెను. ఈ పురుగుకొఱకే బజారు వంకాయకు మాటిమాటికి మందు కొట్టుచుందురు. పది చెట్లున్న పెరటిలో మన వ్రేళ్లే చాలును. పేను పట్టినచో వేపగింజల పొడి 50 గ్రాములు గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, ఉదయమున పిండి వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలమున చల్లుడు.

నేను ముఖ్యముగా హెచ్చరింపదలచిన సంగతి యొకటి యున్నది. మా మేనత్తగారు సొరకాయ కోసిన వెంటనే తొడిమ దగ్గఱ చిన్న ముక్క తీసి నాలుకకు తాకించి, ఉమిసి, నోరు పుక్కిలించిన తరువాతనే తక్కినది తరుగుచుండెడివారు. దోసకాయకును అంతే, బీరకాయకును అంతే. చిన్నతనమున మేమది చూచి నవ్వెడివారము. అది నవ్వవలసినది కాదని చాలకాలమునకు తెలిసినది. సొరజాతి తీగలలో కుకుర్బిటాసిన్ అను చేదువిషము పుట్టుటకు అవకాశమున్నది. మనము తిను రకములలో అది సామాన్యముగా ఉండదు. కాని దాపున వెఱ్ఱిసొర యుండి దాని పుప్పొడి కలిసిన విత్తు పెట్టినను, తీగ మిక్కిలి యెండకు మాడినను, ఒక్కొక్కప్పుడు కాయ చేదెక్కును. ఉడికించినను, వేచినను ఆ విషము పోదు. బెల్లము వేసిన రుచి మాఱునేగాని విషము మాఱదు. తిన్నవారికి వాంతులు, విరేచనములు, ఒక్కొక్కప్పుడు రక్తపు వాంతులు కలుగును. ఆరోగ్యమునకు మంచిదని పచ్చి సొరకాయ రసము త్రాగి ప్రాణములు పోయినవారు కూడ కలరు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము ఈ సంగతులు విచారించి 2012లో నివేదిక ప్రకటించినది. రసము తీయకముందే ముక్క రుచిచూడవలెననియు, చేదున్న పాఱవేయవలెననియు, త్రాగిన తరువాత కడుపులో వికారము కలిగిన వెంటనే ఆసుపత్రికి పోవలెననియు వారి సలహా. కాకరకాయ చేదు వేఱు; దానితో దీనిని పోల్చుకొని, చేదు మంచిదేగదా యని మ్రింగివేయరాదు. పెద్దలమైన మనకు ఇందులో ఒక చిక్కున్నది: కష్టపడి పెంచిన కాయను పాఱవేయుటకు మనసొప్పదు. ఒప్పించుకొనవలెను. పశువునకును వేయవలదు.

కూర చేతికి వచ్చినది. ఇక పొయ్యి సంగతి. ఆకుకూరను కడిగి తరుగవలెనుగాని తరిగి కడుగరాదు. తరిగిన ముక్కలను నీటిలో వేసి పిండినచో నీటిలో కరగు పోషకములన్నియు ఆ నీటితోనే పోవును. ఉడికించి, నీరు వంచి, పిప్పిని తాలింపు పెట్టుట అంతకంటె చెడుగు. కడిగిన ఆకుకు అంటియున్న తడియే తోటకూర ఉడుకుటకు చాలును. మూత పెట్టి సన్నని సెగమీద మగ్గనిండు. పప్పులో వేయుదురా, పప్పు ఉడికిన తరువాత వేయుడు. నూనె బొత్తిగా మానకుడు. ఆకులోని రేచీకటిని మాన్పు పోషకము నూనెతో కలిసినగాని ఒంటికి సరిగా పట్టదు. ఇంటివారందఱికిని తలకొక చెంచాడు తాలింపు నూనె దండుగ కాదు.

రక్తము పట్టుటకు కావలసిన ఇనుము ఆకుకూరలో ఉన్నమాట నిజమే. కాని ఆకులోని ఇనుము ఒంటికి పట్టుట కష్టము. పులుపు, అందును నిమ్మ, ఉసిరి, జామ వంటివి, ఆ పట్టుటకు సాయము చేయును. చట్టి దింపి, కొంచెము చల్లారిన తరువాత నిమ్మరసము పిండవలెను. ఉడుకుచుండగా పిండిన దానిలోని సారము వేడికి చెడును. భోజనము ముగిసిన వెంటనే టీ త్రాగు అలవాటు పల్లెలకును వచ్చినది. అది తిన్న యినుమును పట్టనీయక చేయును. గంట రెండు గంటలైనను ఆగవలెను. మఱియు ఒకమాట స్పష్టముగా చెప్పవలెను. గర్భిణీ స్త్రీకి ఆరోగ్యకేంద్రమువారు ఇచ్చు ఇనుపమాత్రలకు బదులుగా పెరటి కూర చాలునని ఏ అత్తగారును అనరాదు. మాత్ర మాత్రయే, కూర కూరయే, రెండును కావలెను. మూత్రపిండములలో రాళ్లు కట్టిన వారు తోటకూర, పాలకూరల విషయమై వైద్యుని అడిగి తినుట మంచిది.

పెరటిలోనిది సగము వంటయింటి గుమ్మమునొద్దనే చెత్తలో పడుచున్నది. తోటకూర కొంచెము ముదిరినదా, ఆకు పప్పులోనికి, కాడలు పులుసులోనికి. కాడల పైపీచు తీసి, వ్రేలంత ముక్కలు చేసి, ఉప్పు, పసుపు వేసి ఉడికించి, అదే నీటిలో చింతపండు రసము, కొంచెము బెల్లము వేసి, బియ్యపుపిండి చెంచాడు నీటిలో కలిపి పోసి మరగనిచ్చి, ఆవాలు, మెంతులు, ఎండుమిరప, ఇంగువతో తాలింపు పెట్టినచో, అన్నములోనికి మఱియొక కూర కోరబుద్ధి పుట్టదు. బీరకాయ పైపొట్టును నూనెలో వేచి, పచ్చిమిరప, చింతపండు, జీలకఱ్ఱతో రోట నూఱిన పచ్చడి కాయకంటె రుచియనువారు కలరు, నేను వారిలోనివాడను. గుమ్మడి లేతచిగుళ్లు కూరకు పనికివచ్చును, పుప్పొడి పని తీఱిన మగపువ్వులు శనగపిండిలో ముంచి వేచుకొనవచ్చును. అరటిగెల దింపిన తరువాత చెట్టును పాఱవేయక ముందు లోని దవ్వను తీయుడు. పండ్లు లేని ముదుసలికిని, పండ్లు రాని పసివానికిని ఒకటే వంట సరిపోవును: మెత్తగా ఉడికిన పప్పులో లేతతోటకూర మెదిపి, నేతిచుక్కతో.

ఎంత లెక్కగా వేసినను, కొన్ని కాయలు ఒక్కుమ్మడిగా దిగును. దీనికి మన యిండ్లలో ఉపాయములున్నవి, క్రమముగా మఱచిపోవుచున్నాము. బూడిదగుమ్మడికాయను ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, రాత్రియంతయు బరువైన రాయి క్రింద పెట్టుదురు. తెల్లవాఱునప్పటికి నీరంతయు దిగిపోవును. నానవేసిన మినపపప్పును నీరు చేర్చక గట్టిగా రుబ్బి, పచ్చిమిరప, ఇంగువ నూఱి కలిపి, ఆ ముక్కలు వేసి, తడిగుడ్డపై వడియములుగా పెట్టుదురు. పిండి పలుచనైన వడియము పఱచుకొనిపోవును. మబ్బుదినమున పెట్టిన పులిసి బూజుపట్టును. మూడు నాలుగు గట్టి యెండలు చూచుకొని మొదలుపెట్టవలెను. గోరుచిక్కుడు, కాకర, వంకాయ ఉప్పుమజ్జిగలో ఊరవేసి ఎండబెట్టిన ఒరుగులు వానకాలమున సంత లేని దినములలో అక్కఱకు వచ్చును. బూజు పట్టినదానిని తుడిచి తినవలదు. ఆ బూజులలో కొన్ని కాలేయమును చెఱచునవి. రక్తపుపోటు గలవారికి మఱియొక హద్దున్నది: దినమంతటికి ఉప్పు 5 గ్రాములు మించరాదని ఆరోగ్య సంస్థవారి మాట. వడియములు, ఒరుగులు, ఊరగాయ మూడును ఒక్క విస్తరిలో పడినచో ఆ హద్దు దాటును. ఉప్పక్కఱలేని నిలువ కూడ కలదు. పండిన గుమ్మడికాయను తొడిమతో కోసి, దెబ్బతగులకుండ ఉట్టిమీద పెట్టిన నెలల తరబడి నిలుచును. పసుపుపచ్చని దోసకాయలు త్రాటితో వరుసగా కట్టి దూలమునుండి వ్రేలాడదీసినను కొన్ని వారములు చెడవు. ఫ్రిజ్ వచ్చిన తరువాత ఉట్టి విప్పివేసితిమి; కాని పది గుమ్మడికాయలు ఫ్రిజ్ లో పట్టవు.

కడపట విత్తు. మఱుసటి యేటి వంట ఈ యేటి విత్తుకుండలో నున్నది. సంకరజాతి విత్తుతో పెంచిన చెట్టునుండి విత్తు తీసిన తల్లివలె రాదు. అట్టివి ప్రతియేటను కొనవలసినవే. నాటు రకములు మాత్రము ఇంటనే నిలుపుకొనవచ్చును. చిక్కుడు తన పుప్పొడితో తానే కాయును గనుక చిక్కు తక్కువ. సొర, బీర, దోసలు పొరుగు తీగ పుప్పొడితో కలియును. కావున ఏ తీగ కాయలు మొదటినుండి తియ్యగా నున్నవో, ఆ తీగకే మంచి కాయ నొకదానిని విత్తునకు విడిచి, గుడ్డపీలిక కట్టి గుఱుతు పెట్టుడు. ఒక్క కాయ చేదు వచ్చినను ఆ తీగ విత్తు వలదు. మా మేనత్తగారు ఈ నియమము తప్పలేదు. విత్తు అడుగవచ్చినవారికి, ఇది ఏ తీగదో, ఎన్ని కాయలు తిన్నామో చెప్పి మఱి యిచ్చెడివారు.

విత్తు నీడలో బాగుగా ఆఱి, గోటితో నొక్కిన దిగనంత గట్టిపడిన తరువాత, జల్లెడపట్టిన పొడి బూడిద కలిపి, మట్టికుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పొయ్యిపొగ గాని వానతేమ గాని తగులనిచోట ఉంచుడు. కుండమీద సుద్దతో విత్తు పేరును, తీసిన నెలను వ్రాయుడు. మృగశిర కార్తెకు పదిదినములు ముందుగా పది గింజలు తీసి తడిగుడ్డలో చుట్టిపెట్టి చూడుడు. ఏడెనిమిది మొలచిన ఆ విత్తు చల్లవచ్చును. నాలుగయిదే మొలచిన రెట్టింపు పెట్టుడు. ఒకటి రెండు మాత్రమే మొలచినచో పొరుగూరి బంధువుల కుండలో అదే రకమున్నదేమో కబురు పంపుటకు ఇంకను సమయముండును.